గుడారం ముందు మిద్దె మీద వేయండి

సెలవుల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత డ్రిల్లు టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లో మా ఆయన, నేను, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు. మే నెలలో బెంగుళూరు నుంచి మా మరిది వాళ్ళు నలుగురు వస్తున్నారు. ఈసారి ఏదైనా చెరువు పక్కన గుడారాలు వేసుకుని రెండు రాత్రులు ఉందామని పిల్లలు ఒకటే పట్టు. మా ఆయన కల్యాణి డ్యాం అంటారు, మరిది పులికాట్ అంటాడు. అత్తగారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. ఆమెను ఒంటరిగా ఇంట్లో వదిలి పోవడం నాకు ఇష్టం లేదు. ఎక్కడికి పోవాలి, ఏమేం సర్దుకోవాలి, దేనితో మొదలుపెట్టాలి?
ఒక ఇల్లాలు, తిరుపతి

జవాబు: అమ్మా, అత్తగారిని వదలనన్నారు చూడండి, ఆ మాట దగ్గరే మొదలుపెడదాం. తొమ్మిది మందిలో అందరికన్నా ఇబ్బంది పడేది ఎవరో వాళ్ళకు సరిపోయే చోటు చూసుకుంటే మిగతా ఎనిమిది మందికీ అది సరిపోతుంది. మీ ఇంట్లో ఆ మనిషి మీ అత్తగారు, ఆ తరువాత మీ ఆరేళ్ళ బాబు. ఫొటోలు చూసి కాకుండా వీళ్ళిద్దరినీ తలచుకుని చోటు వెతకండి.

కల్యాణి డ్యాం వద్దు. అది చంద్రగిరి అవతల శేషాచలం అడవి అంచున ఉంది, తిరుపతికీ తిరుమలకూ తాగునీళ్ళు ఇచ్చే డ్యాం. మనందరం తాగే నీళ్ళ పక్కన వంటలు, స్నానాలు పెట్టుకోకూడదు. పైగా మే నెలలో నీళ్ళు కిందికి దిగిపోయి, రాళ్ళూ బురదా తేలి, గట్టు మీద నీడ కూడా ఉండదు. చీకటి పడితే నీళ్ళకు వచ్చేవి అడవి జంతువులు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్న పిల్లను ఎత్తుకుపోయిన సంగతి ఈ ఊళ్ళో ఎవరం మరిచిపోలేదు. శేషాచలం అంచున, ఫారెస్టు వాళ్ళ అనుమతి లేనిచోట, పిల్లలతో రాత్రి ఉండే ఆలోచనే పెట్టుకోవద్దని మీ ఆయనకు నా మాటగా చెప్పండి.

పులికాట్ గురించి మీ మరిదికి కోపం రాకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ సరస్సంటే నాకూ ప్రాణం. చిలకా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు ఆ నీళ్ళ మధ్యలోంచే సాగుతుంది. కానీ దాన్ని చూడాల్సింది అక్టోబరుకూ మార్చికీ మధ్య, రాజహంసలు దిగినప్పుడు. మే నెలలో చాలా మేర నీళ్ళు ఎండి నేల పగుళ్ళు తేలి ఉంటుంది, కనుచూపు మేరలో చెట్టు నీడ దొరకదు. సంక్రాంతి సెలవులకు పిలవండి మీ మరిదిని. పొద్దున ఆరింటికి రోడ్డు పక్కన నిలబడితే చాలు, గుడారమూ అక్కర్లేదు.

నా సలహా ఏలగిరి. చిత్తూరు, వేలూరు మీదుగా పోతే తిరుపతి నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, పిల్లలతో ఆగుతూ పోతే ఐదు గంటలు. తమిళనాడులో ఉంది, జోలార్‌పేట దగ్గర. కొండ 1,100 మీటర్ల ఎత్తు. మే నెలలో అక్కడా పగలు ఎండ ఉంటుంది గానీ రాత్రికి దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంది. మీ అత్తగారి నిద్రకు అంతకన్నా ఏం కావాలి! పైన చెరువుంది, పడవల రేవు ఉంది. ఆ చెరువు పేరు పుంగనూర్ చెరువు. మన పుంగనూరుకూ దానికీ సంబంధం లేదు, వినగానే మనవాళ్ళ చెవికి మాత్రం ఊరి పేరులా ఉంటుంది. గుడారాలు వేసి ఇచ్చే తోటలు, విడుదులు కొండ మీద ఉన్నాయి. బాత్‌రూము దగ్గరగా ఉందా, రాత్రి దారిలో దీపం ఉందా, అత్తగారికి గదిలో మంచం దొరుకుతుందా, ఈ మూడూ ఫోన్‌లో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు పంపండి. పిల్లలు గుడారంలో, పెద్దావిడ పక్కనే గదిలో, మధ్యలో అందరూ కూర్చునే వరండా. ఇట్లా కుదిరితే మీ సెలవు సగం గెలిచినట్టే.

కొండెక్కే దారిలో 14 మలుపులు. ఒక్కో మలుపుకు తమిళ కవుల పేర్లూ, పాతకాలపు దాతల పేర్లూ పెట్టారు. పాప చేత బోర్డులు లెక్క పెట్టించండి, కళ్ళు బయట ఉంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. ఎక్కే ముందు మాత్రం కడుపు నిండా ఇడ్లీలు పెట్టొద్దు. బొరుగులు, ఒక చిన్న అరటిపండు, అంతే.

తేదీలు. మే నెలలో గంగజాతర వారం తిరుపతి వదిలి పోవడం మీకే మనసొప్పదు, బెంగుళూరు పిల్లలకు వేషాలు చూపించడం కూడా ఒక సెలవే. జాతర అయ్యాక, రోహిణి కార్తె రాకముందు (మే 25 ప్రాంతంలో వస్తుంది) వారం మధ్యలో రెండు రాత్రులు పెట్టుకోండి. శని, ఆదివారాలు ఆ కొండ మీద కారు నిలిపే చోటే దొరకదు, అద్దెలూ ఎక్కువ.

ఇక ఇన్సులిన్ సంగతి, ఇది తీరిగ్గా చదవండి. వాడుతున్న పెన్ను గానీ సీసా గానీ 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. ఎండలో నిలిపిన కారులో ఉంచితే మందు పాడైపోవచ్చు. కాబట్టి డాష్‌బోర్డులో, డిక్కీలో పెట్టొద్దు. అట్లాగని ఐసు గడ్డలకు ఆనించి పెడతారు కొందరు, అదీ తప్పే, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికి రాదు. నేను మా అమ్మకు చేసిన పద్ధతి చెప్తాను. వెడల్పు మూతి కుండ ఒకటి, దాంట్లో పట్టే చిన్న కుండ ఒకటి. రెండింటి మధ్య ఇసుక పోసి నీళ్ళతో తడపాలి, లోపలి కుండలో మందు పెట్టి పైన తడి గుడ్డ కప్పాలి. నీడలో, గాలి తగిలే చోట పెట్టి పూటకోసారి ఇసుక తడిపితే చాలు. రెండు రోజుల తరువాత కూడా ఆ చిన్న కుండలో చేయి పెడితే చల్లగా తగిలేది. కారులో మీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఇంకొకటి, ఆమెను చెప్పులు లేకుండా అడుగు వేయనివ్వొద్దు. షుగరు ఉన్నవాళ్ళకు పాదంలో ముల్లు దిగినా తెలియకపోవచ్చు. రాత్రి పడుకునే ముందు టార్చి వేసి రెండు పాదాలూ, వేళ్ళ సందులతో సహా మీరే చూడండి. కోడలు పాదాలు పట్టి చూడటం ఆవిడకు మొదటిరోజు మొహమాటంగా ఉంటుంది, రెండో రోజు ఆవిడే చాపుతారు.

తిండి: మొదటి పూటకు పులిహోర, ఊరిబిండి ఇంటి నుంచే. పాలు మోసుకుపోవద్దు. పొద్దున కాచి ఆరిన పాలలో తోడు వేసి మూత గట్టి డబ్బాలో పెట్టుకుంటే సాయంత్రం దిగేసరికి పెరుగు సిద్ధం. చెనిక్కాయలు అక్కడ ఉడకేసుకోండి, పిల్లలకు అదే పెద్ద పండగ. కోడికూర ఈ ఎండల్లో కారులో వద్దు. నిప్పు మంటలు అసలే వద్దు, మే నెలలో గడ్డి అగ్గిపెట్టెలా ఉంటుంది. చిన్న గ్యాస్ పొయ్యి, చుట్టూ బక్కెట్టు నీళ్ళు చల్లిన నేల. మంట చుట్టూ కూర్చోవాలని పిల్లలు అడిగితే మధ్యలో లాంతరు పెట్టి అత్తగారిని కథ చెప్పమనండి.

ఇంత చెప్పాక అసలు మొదటి పని. బయలుదేరడానికి వారం ముందు మీ మిద్దె మీద ఒక రాత్రి గుడారం వేయండి. మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టండి. లోపల మీరు నలుగురూ పడుకోండి. తెల్లారేసరికి ఏది మరిచారో, ఎవరికి ఉక్కపోసిందో, బాబు చీకట్లో బాత్‌రూముకు ఎన్నిసార్లు లేస్తాడో అన్నీ తెలిసిపోతాయి. నేను మా బడి గైడ్సు పిల్లలను క్యాంపుకు తీసుకుపోయిన ప్రతి ఏడూ ముందుగా బడి ఆవరణలో ఒక రాత్రి పడుకోబెట్టేదాన్ని. ఒక ఏడు ఆ ఒక్క రాత్రే తేలింది, పదకొండేళ్ళ పిల్లకు నిద్రలో నడిచే అలవాటు ఉందని. ఆ అమ్మాయిని క్యాంపులో నా పక్కన పడుకోబెట్టుకుని, నా కొంగు చివర ఆమె వేలికి కట్టుకున్నాను. ముందే తెలియకపోయి ఉంటే ఆ చెరువు గట్టు మీద ఏమయ్యేదో.

ప్రశ్న: మేడంగారూ, మాది చిత్తూరు. పెనుమూరు వైపు మా నాయన వాళ్ళ పల్లె, మాకు రెండెకరాల మామిడితోట ఉంది, తోట పక్కనే చెరువు. బేనీషా కోతలప్పుడు పిల్లల్ని తీసుకుపోయి తోటలో రెండు రోజులు ఉండాలని ఉంది. నేను చిన్నప్పుడు ఆ చెరువులోనే ఈత నేర్చుకున్నాను. మా వాడికి పదేళ్ళు, వాడికీ అక్కడే నేర్పొచ్చా?
ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నాయనా, తోటలో నిద్ర అన్నారు, ఆ మాటకే నాకు మామిడి జీడి వాసన వచ్చింది. తప్పకుండా పొండి. డబ్బు పెట్టి కొనుక్కునే క్యాంపుల కన్నా మీ తోటే మేలు. నీడ ఉంది, బోరు ఉంది, పిల్లలకు తమ తాత నాటిన చెట్టు ఏదో తెలుస్తుంది. ఒక్కటి ముందుగా కనుక్కోండి, తోటకు మందు కొట్టి ఎన్నాళ్ళయింది అని. మీ తోటలోనే కాదు, పక్క తోటలో కూడా. ఈమధ్యనే కొట్టి ఉంటే ఆ వారం మానుకోండి, పిల్లలు రాలిన కాయ తుడిచి కొరికేస్తారు, ఆపలేం.

నేల మీద పడకలు వద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళకే దాని భయం ఎక్కువ, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. పల్లెలో నాలుగు నులక మంచాలు దొరక్కపోవు. మంచానికి నాలుగు కర్రలు కట్టి దోమతెర వేసి, అంచులు పరుపు కిందికి గట్టిగా దోపండి. ఒకవేళ కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. కదలనివ్వకుండా, నడిపించకుండా 108కి ఫోన్ చేసి పెద్ద సర్కారు ఆసుపత్రికి. మంత్రం వేసేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

సాయంత్రం మబ్బు పట్టి ఉరిమితే మామిడిచెట్టు కింద ఉండకండి. ఈ నెలల్లో గాలివాన చెప్పకుండా వస్తుంది, పిడుగులు పడతాయి. అందరూ కారులోకి, అద్దాలు ఎత్తేసి కూర్చోండి. లేదా పల్లెలో ఇంటికి.

ఇప్పుడు చెరువు. మీరు నేర్చుకున్న చెరువు ఇప్పుడు ఆ చెరువు కాదు. ఈ ఒక్క మాట కోసం మీ ఉత్తరానికి ఇంత పొడవు జవాబు రాస్తున్నాను.

1994 మే నెల. ముప్పై రెండు మంది పిల్లలతో ఒక పల్లె చెరువు పక్కన చింతతోపులో క్యాంపు వేశాను. ఆ ఏడు వానలు బాగా పడలేదు, చెరువులో నీళ్ళు తూము కన్నా కిందికి దిగిపోయి ఉన్నాయి. మోకాలి లోతు, పిల్లలు కాళ్ళు తడుపుకుంటామన్నారు. నేను ముందు దిగి పది అడుగులు నడిచాను, మోకాలి లోతే. పిల్లలను పిలిచాను. పన్నెండేళ్ళ పిల్ల నాకు కుడివైపు ఐదారు అడుగుల దూరంలో నడుస్తోంది. నవ్వుతూ పక్కనున్న దానితో ఏదో చెబుతోంది, మాట మధ్యలో ఆగింది. తిరిగి చూస్తే నీళ్ళ మీద రెండు జడలు తేలుతున్నాయి, రిబ్బన్లు తెల్లగా. అరుపు లేదు, చేతులు కొట్టుకోవడం లేదు. ఒక చేయి పైకి వచ్చింది, వేళ్ళు విప్పుకుని ఉన్నాయి, మళ్ళీ దిగిపోయింది. నాకు ఈత వచ్చు. కానీ అడుగు వేయగానే నా కాలి కింద నేల జారింది, జిగట బంకమట్టి, నిటారుగా. ఇటుకల బట్టీ కోసం మట్టి తవ్వుకున్న గుంత అది. వెనక్కి పడి, పమిట విప్పి అటు విసిరాను. రెండోసారి విసిరితే ఆ వేళ్ళు పట్టుకున్నాయి. ఆ పిల్ల బతికింది, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ రాత్రి నేను ముప్పై రెండు తలలూ ఎన్నిసార్లు లెక్క పెట్టానో నాకే తెలియదు.

అప్పుడు పారలతో తవ్వేవాళ్ళు, ఇప్పుడు జేసీబీలు. పొలాలకు ఒండ్రు కోసం, ఇటుకల కోసం, రోడ్ల కోసం ఎండాకాలం చెరువు లోపలే తవ్వుతారు. వాన పడ్డాక గుంతా చెరువూ ఒకే మట్టంగా, ఒకే రంగుగా కనిపిస్తాయి. ఇట్లాంటి గుంతల్లోనే లోతు తెలియక పిల్లలు పోతుంటారు. మొరవ (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) దగ్గర, తూము నోటి దగ్గర కూడా దిగొద్దు.

మీ వాడికి ఈత నేర్పాలి, తప్పకుండా నేర్పాలి, పదేళ్ళంటే సరైన వయసు. గట్టు కనిపించే, అడుగు తెలిసిన చోట నేర్పండి. చిత్తూరులోనో తిరుపతిలోనో ఈతకొలను చూడండి. లేదా మీ పల్లెలో మెట్లున్న దిగుడుబావి నీళ్ళతో ఉంటే, నడుముకు తాడు కట్టి, మీరు మెట్టు మీద నిలబడి నేర్పండి. చెరువు దగ్గర కాళ్ళు తడుపుకోవడం వరకే. అది కూడా ముందురోజు మీరు ఒక్కరే పొడవాటి కర్రతో అడుగడుగూ పొడుచుకుంటూ నడిచి, నేల గట్టిగా ఉన్నంత మేర నాలుగు కర్రలు పాతి, ఎర్రగుడ్డ కట్టిన తాడు చుట్టాకే. తాడు లోపల, చిన్నవాడి మోకాలి వరకే నీళ్ళు.

పెద్దవాళ్ళలో ఒకరు కాపలా. మా క్యాంపుల్లో ఒక పద్ధతి ఉండేది. కాపలా ఉన్నవాళ్ళ భుజం మీద ఎర్ర తువ్వాలు. తువ్వాలు ఉన్నంతసేపు ఫోన్ లేదు, కబుర్లు లేవు, కూర్చోవడం లేదు, చూపు నీళ్ళ మీద. అరగంటకు తువ్వాలు ఇంకొకరి భుజం మీదికి మారుతుంది. ‘అందరం ఉన్నాం కదా’ అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. మూత గట్టిగా బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ళ క్యానుకు పొడవాటి తాడు కట్టి ఒడ్డున ఉంచండి. ఎవరైనా మునిగితే వెంట దూకొద్దు, అది విసరండి. పెద్దమనిషిని కూడా తేలుస్తుంది. బయటికి తీసినవాళ్ళను తలకిందులు చేసి తిప్పడం, కడుపు నొక్కడం మన పల్లెల్లో ఇంకా ఉంది. అది చేయొద్దు. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లో ఊపిరి ఊదాలి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కాలి, 108 వచ్చేదాకా ఆపకుండా. పోయే ముందు మీరూ మీ ఆవిడా ఎవరైనా నర్సు దగ్గర ఒక గంట కూర్చుని నేర్చుకోండి.

ప్రశ్న: టీచర్, మేము పలమనేరు. అమ్మా, చెల్లీ, పిన్ని వాళ్ళతో అడవి పక్కన చెరువు దగ్గర ఒక రాత్రి ఉండాలని ప్లాన్. ఏనుగులు వస్తాయని నాయనమ్మ వద్దంటోంది. నిజంగా అంత భయపడాలా?
డిగ్రీ విద్యార్థి

జవాబు: నాయనమ్మ మాట విను. 1980ల్లో అటు తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగులు మీ వైపే నిలిచిపోయాయి, వాటి కోసమే కౌండిన్య అభయారణ్యం ఉంది. ఎండాకాలం అడవిలో నీళ్ళు తగ్గితే అవి రాత్రిళ్ళు దిగేది చెరువులకే, వచ్చేది చెరుకు, అరటి తోటలకే. అది వాటి నీళ్ళ దారి, ఆ దారిలో గుడారం వేసి పడుకోకూడదు. టపాకాయలు కాల్చి తరుముతాం అనుకోవడం ఇంకా ప్రమాదం. పగలు కైగల్ దుముకురాళ్ళ జలపాతం చూసి, పొద్దు వాలకముందే ఇంటికి వచ్చేయండి. రాత్రి మీ మిద్దె మీద వరసగా పడకలు వేసి నాయనమ్మను మధ్యలో పడుకోబెట్టండి. ఆ ఏనుగులు మొదట వచ్చిన రోజుల సంగతులు ఆమెకు తెలిసి ఉంటాయి, అడిగి చెప్పించుకో.

ప్రశ్న: గుడారం కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా? నలుగురికి అని రాసి ఉన్నది మాకు చాలుతుందా?
ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: మొదటిసారి అద్దెకే. నలుగురికి అని రాసి ఉంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలు అని అర్థం, సంచులు కారులోనే ఉండాలి. తీసుకునే ముందు అంగడి ముందే పూర్తిగా విప్పి వేయించండి. జిప్పులు రెండువైపులా లాగి చూడండి, వల చిరిగి ఉందేమో దీపం లోపల పెట్టి చూడండి, మేకులు లెక్క పెట్టుకోండి. మన మైదానాల్లో మే నెలలో పైన కప్పే పట్ట వేశారంటే లోపల ఉడికిపోతారు. వాన సూచన లేకపోతే అది తీసేసి వల ఒక్కటే ఉంచండి, ద్వారం గాలి వచ్చే వైపుకు తిప్పండి. పట్టను మాత్రం మడిచి తలగడ కింద పెట్టుకోండి, చినుకు పడితే చీకట్లో వెతుక్కోకుండా.